నా ఎదుట పెట్టని సంతకం

చిక్కడపల్లిలో మా సందు మొదట్లో నిలబడి "గెజిటెడ్ మేడం ఇల్లెక్కడ?" అని అడిగితే ఎవరైనా చెప్పేవాళ్ళు. నా పేరు మాత్రం సగం మందికి తెలియదు. నేను నారాయణగూడ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిని. ఆ కుర్చీతో పాటు వచ్చిన ఆకుపచ్చ సిరా పెన్ను నన్ను పెద్దమనిషిని చేసింది. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఉండి సర్కారు కొలువులకు చదివే పిల్లలు సాయంత్రమైతే చాలు, జిరాక్సుల కట్టలు పట్టుకుని మా మెట్ల మీద వరుస కట్టేవాళ్ళు. కులం సర్టిఫికెట్, పదో తరగతి మెమో, డిగ్రీ ప్రొవిజనల్, ఏదైనా సరే, "ఒరిజినల్‌తో సరిచూడబడినది" అన్న రబ్బరు స్టాంపు, దాని కింద నా సంతకం. సరిచూశానా? మొదటి ఏడాది చూశాను. ఆ తర్వాత ఒరిజినల్ మానేసి పిల్లల మొహం చూసేదాన్ని. ఇంకొన్నాళ్ళకు మొహం చూడడం కూడా మానేశాను. ఒక చేత్తో టీ తాగుతూ రెండో చేత్తో గీకుతూ పోయేదాన్ని. "మేడం దగ్గరికి పోతే వాపస్ పంపదు" అని పిల్లలు చెప్పుకుంటుంటే లోలోపల మురిసిపోయేదాన్ని. అదీ నా గొప్ప. నిప్పు పెట్టాలి ఆ గొప్పకు!

మా బడిలో కుట్టుపని నేర్పే క్రాఫ్టు టీచరు ఉండేది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. బడిలో ఆమె నన్ను మేడం అనేది, బయటా అదే అనేది. నేను మాత్రం ఆమెను అక్కా అనేదాన్ని. అడిక్‌మెట్‌లో ఒక్కర్తే కిరాయికి ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా ఆరా తీస్తే "ఏం, నీ దగ్గర మంచి సంబంధం ఉన్నదా?" అని నోరు మూయించేది. కుట్టు ఒక్క పోగు వంకర పోయినా ఆడపిల్లలతో మొత్తం విప్పించి మళ్ళీ కుట్టించేది. పిల్లలకే కాదు, మాకూ ఆమె అంటే కాస్త భయమే.

ఆమెకొక కొరత ఉండేది. కొలువులో చేరిన నాటి నుంచి ప్రతి ఎన్నికకూ ఆమెకు డ్యూటీ పడింది. పోలింగ్ బూత్‌లో సిరా సీసా ముందు కూర్చుని ఎన్ని వేల మంది వేళ్ళకు సిరా పూసిందో లెక్కలేదు. తన వేలికి మాత్రం ఎన్నడూ సిరా అంటలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళకు పోస్టల్ బ్యాలెట్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. ఒకసారి దరఖాస్తు ఫారాలు అయిపోయాయన్నారు. ఒకసారి గడువు దాటిందన్నారు. 2009లో పట్టుబట్టి గడువుకు ముందే దరఖాస్తు పెట్టుకుంది. బ్యాలెట్ పోస్టులో బయల్దేరింది కూడా. లెక్కింపు అయిపోయి, గెలిచినవాళ్ళు పటాకులు కాల్చి, మున్సిపాలిటీ వాళ్ళు ఆ కాగితం ముక్కలు ఊడ్చేసిన తర్వాత పోస్టుమ్యాన్ వచ్చి ఆ కవరు ఆమె చేతిలో పెట్టాడు.

"పెండ్లయి పిల్లగాడు పుట్టినంక పెండ్లి కార్డు ఇచ్చినట్టుంది మేడం" అంది నాతో. స్టాఫ్ రూమంతా నవ్వింది. ఆమె నవ్వలేదు.

2014 ఎన్నిక వచ్చేసరికి ఆ కొరత పట్టుదలగా మారింది. రాష్ట్రం వేరుపడుతూ వచ్చిన ఎన్నిక అది. అంతకు ముందు నాలుగేళ్ళు మా చుట్టుపక్కల ఏం జరిగిందో అక్కడ ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. అడిక్‌మెట్‌లో ఆమె ఇంటికి టియర్ గ్యాస్ ఘాటు వచ్చేది, తడిగుడ్డ ముక్కుకు కట్టుకుని బడికి వచ్చేది. సమ్మె రోజుల్లో మా గేటు ముందు అందరికంటే ముందు కూర్చున్నది ఆమే. అందులోనూ జూన్ నెలాఖరుకు రిటైర్మెంటు.

"కొట్లాడింది దీని కోసమే గద మేడం. దీంట్ల నా ఓటు లేకుంటె ఎట్ల? ముందుముందు లైన్ల నిలబడి ఎన్నన్న ఏస్త. ఇది మాత్రం పడాలె" అంది.

"పడుతుందిలే అక్కా, ఈసారి నేను లేనూ?" అన్నాను. అన్నాను, నిజంగానే అన్నాను.

మా బడి ఆఫీసంతా సీనియర్ అసిస్టెంట్ చేతిలో ఉండేది. దోమలగూడ మనిషి. ఉద్యోగుల సంఘంలో కొంచెం పలుకుబడి ఉంది. సెలవు కాగితం కానీ, బదిలీ ఫైలు కానీ ఆయన చేతిలో పడితే ఇక మనం నిద్రపోవచ్చు. "మీరు సంతకం పెట్టుండ్రి మేడం, మిగతది నేను జూస్కుంట" అనేవాడు. ఆ మాట నమ్ముకుని పదేళ్ళు సుఖపడ్డాను.

ఆ ఏడు మా బడి నుంచి తొమ్మిది మందికి డ్యూటీ పడింది. మోకాళ్ళ నొప్పుల కాగితం పెట్టి నేను తప్పించుకున్నాను. తొమ్మిది మంది పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తులూ ఆయనే నింపాడు. బ్యాలెట్ పంపాల్సిన అడ్రసు అన్న చోట అందరికీ బడి అడ్రసే రాశాడు. "అన్ని ఒక్క జాగకే వస్తె ఒక్కటి గూడ గాయబ్ కాదు" అన్నాడు. సబబుగానే అనిపించింది.

ఆ తంతు తెలియనివాళ్ళకు కాస్త చెప్పాలి. ఓటు గుర్తు పెట్టిన కాగితాన్ని చిన్న కవర్లో పెట్టి అంటించాలి. దానికి తోడు ఒక డిక్లరేషన్ ఉంటుంది. ఫలానా నంబరు బ్యాలెట్ నాకు ఇచ్చినదే అని ఓటరు దాని మీద సంతకం చేయాలి. ఆ సంతకం కింద ఒక గెజిటెడ్ అధికారి, ఈ మనిషి నాకు తెలుసు, నా ఎదుటే సంతకం చేశారు అని రాసి తన సంతకం పెట్టాలి. రెండూ పెద్ద కవర్లో వేసి లెక్కింపు మొదలయ్యేలోగా రిటర్నింగ్ అధికారికి చేర్చాలి. లెక్కింపు నాడు ముందు డిక్లరేషన్ చూస్తారు. అది చెల్లకపోతే చిన్న కవరు విప్పనే విప్పరు. ఓటు ఎవరికి పడిందో లోకంలో ఎవరికీ తెలియకూడదు. వేసింది ఆ మనిషే అని మాత్రం ఒకరు కళ్ళారా చూసి చెప్పాలి. మా బడికి ఆ చూసే కళ్ళు నావి.

ఒకరోజు వార్షిక పరీక్షల రిజిస్టర్లలో తల దూర్చి కూర్చున్నాను. సీనియర్ అసిస్టెంట్ ఒక కట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎంపీకి ఒకటి, ఎమ్మెల్యేకి ఒకటి చొప్పున తొమ్మిది మందివి పద్దెనిమిది డిక్లరేషన్లు.

"అందరు పెట్టేసిండ్రు మేడం. మీ సంతకమొక్కటే ఆగింది."

వేలితో ఒక్కొక్క కాగితం అంచు ఎత్తి పట్టుకున్నాడు. నేను గీకుతూ పోయాను. మధ్యలో ఏడో తరగతి మార్కుల గురించి ఎవరో వచ్చి అడిగితే తల తిప్పి జవాబు కూడా చెప్పాను. చెయ్యి మాత్రం ఆగలేదు. ఫ్యాను ఒకటి తిరగడం లేదు, ఎలక్ట్రీషియన్‌ను పిలవమని ఆయనకు పురమాయించి మళ్ళీ రిజిస్టర్ తెరిచాను.

పోలింగ్ అయిపోయింది. బడికి వేసవి సెలవులు. లెక్కింపు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక సాయంత్రం క్రాఫ్టు టీచరు మా ఇంటికి వచ్చింది. మెట్ల మీద జిరాక్సు పిల్లలున్నారు. వాళ్ళను దాటుకుని వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, నా బ్యాలెట్ మీ దగ్గరికి వచ్చిందా?"

"అదేంటక్కా, నీకు అందలేదా?"

"మన ఆఫీసు సార్‌ను నాలుగుసార్లు అడిగిన. ఇంక రాలే, ఇంక రాలే అంటున్నడు. పోలింగ్ నాడు నేను డ్యూటీల ఉన్న. లిస్టుల నా పేరు పక్కన పోస్టల్ అని గుర్తు పెట్టి ఉంటది, బూత్‌కు పోయినా ఎయ్యనియ్యరు. ఇయ్యాల నేనే ఎలక్షన్ ఆఫీసుకు పోయి అడిగిన. రిజిస్టర్ తీసి చూపెట్టిండ్రు. ఎప్పుడో పంపిండ్రట. మన బడిల ముట్టినట్టు సంతకం గూడ ఉన్నది."

నా చేతిలో ఒక పిల్లవాడి కులం సర్టిఫికెట్ ఉంది. సగం సంతకం పెట్టి ఉన్నాను. తొమ్మిది మంది, పద్దెనిమిది కాగితాలు. ఆ లెక్క కళ్ళ ముందు నిలబడింది. ఆమెవి అందకపోతే పదహారే ఉండాలి. పద్దెనిమిదీ ఉన్నాయి, నేను పద్దెనిమిదీ పెట్టాను.

ఆ క్షణాన చెప్పేయాల్సింది. "నేను కనుక్కుంటా అక్కా" అన్నాను. ఆమె నా ఎడమ చూపుడువేలి వంక చూసింది. గోరు మీద సిరా గీత ఇంకా పోలేదు. లైన్లో నిలబడి నా ఓటు నేను హాయిగా వేసుకొచ్చాను మరి.

"జర జల్ది చూడుండ్రి మేడం. నాలుగు దినాలే ఉన్నయి" అని వెళ్ళిపోయింది.

పొద్దున్నే దోమలగూడ పోయాను. సీనియర్ అసిస్టెంట్ మంచినీళ్ళు తెప్పించి, "ఏమైంది మేడం, గింత పరేషాన్‌గ ఉన్నరు?" అన్నాడు.

"క్రాఫ్టు టీచర్ కాగితాలేం చేశారు?"

"ఏసిన."

"వేశారంటే?"

"అందరియి కలిపి ఎలక్షన్ ఆఫీసుల డబ్బాల ఏసిన. పోలింగ్‌కు ముందే."

"ఆమె సంతకం ఎవరు పెట్టారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "కవర్లు వచ్చిన దినం ఆమె ఎలక్షన్ ట్రైనింగ్‌ల ఉండె. తర్వాతనన్న ఇస్తే ఏమంటదో మీకు తెల్వదా? నేనే గుద్దుత, నేనే అంటిస్త, నేనే డబ్బాల ఏస్త అంటది. మన బడి నుంచి తొమ్మిది అని నేను మాటిచ్చి ఉన్న."

"ఎవరికి మాటిచ్చారు?"

"గదంత మీకెందుకు మేడం? అయినా ఆమె గూడ గాళ్ళకే ఏస్తుండె. ఎవ్వరేస్తే ఏంది? ఏం ఫరక్ పడ్తది?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదూ!" అని అరిచాను. పైకి రాస్తానన్నాను, ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాను. ఆయన గొంతు పెంచనే లేదు.

"రాయుండ్రి. గా కాగితాల మీద నా సంతకం యాడ లేదు మేడం. మీదున్నది. పద్దెనిమిది చోట్ల. నా ఎదుట పెట్టిండ్రు అని మీరే రాసిండ్రు."

దోమలగూడ నుంచి మా ఇంటికి నడుచుకుంటూనే వచ్చాను. మోకాళ్ళ నొప్పి గుర్తుకే రాలేదు. మిగతా ఎనిమిది మందికీ ఒక్కొక్కరికి ఫోన్ చేశాను. సంతకాలు మేమే పెట్టాం అన్నారు. కొందరు ఓటు కూడా వేసి ఇచ్చారట. కొందరు ఖాళీ కాగితమే ఇచ్చి సార్‌ను చూసుకోమన్నారట. నా ఎదుట పెట్టినవాళ్ళు ఒక్కరు లేరు. ఇంట్లో పోలింగ్ అధికారులకిచ్చే పుస్తకం ఉంటే వెతికాను. బ్యాలెట్ పొరపాటున చెడిపోతే వాపస్ ఇచ్చి ఇంకొకటి తీసుకోవచ్చు. బూత్‌లో మన పేరు మీద వేరేవాళ్ళు ఓటేసి పోతే టెండర్ ఓటని వేరే కాగితం ఇస్తారు. పోస్టులో దొంగ ఓటు పడి, కవరు డబ్బాలోకి పోతే ఆ మనిషి ఏం చేయాలో మాత్రం నాకెక్కడా కనబడలేదు.

రెండు రోజులు ఆమె ఫోన్ ఎత్తలేదు నేను. దాచుకోవడం దేనికి, భయపడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు నాది, ఇంకా ఆరేడేళ్ళుంది. ఇన్ని లక్షల ఓట్లలో ఒక్క ఓటు, ఎవరికి తెలుస్తుంది, ఆయనన్నట్టు ఆమె వేసేదీ అక్కడికేనేమో, జూన్ దాటితే ఆమె బడికే రాదు. ఇలా నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మెట్ల మీదికి వచ్చిన పిల్లలను తిప్పి పంపాను. ఒక పిల్ల కదల్లేదు. "రేపే లాస్ట్ డేట్ మేడం, సంతకమే కద, ఒక్క నిమిషం" అంది. సంతకమే కదా అని పిల్లలకు నేర్పిందే నేను. ఆ పిల్లను ఒరిజినల్స్ తెమ్మన్నాను. ఎనిమిది కాగితాలూ అక్షరం అక్షరం చూశాను.

జరిగిందంతా ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం సంచీలో పెట్టుకుని, లెక్కింపుకు ముందురోజు పొద్దున అడిక్‌మెట్ పోయాను. ఆమె బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే లేచింది, దొరికిందా అన్నట్టు ముందుకొచ్చింది.

"అక్కా, నీ ఓటు పడింది. నువ్వు వెయ్యలేదు, సారు వేశాడు. నీ సంతకం కూడా ఆయనే పెట్టాడు. ఆ సంతకం నువ్వు నా ఎదుట పెట్టావని నేను రాసిచ్చాను."

చేట కింద పెట్టింది. "నేను పెడ్తుంటె చూసినవా?"

"లేదు."

"మల్ల చూసిన అని ఎట్ల రాసినవ్?"

మా పదకొండేళ్ళ పరిచయంలో మొదటిసారి నన్ను నువ్వు అంది. చూడకుండా రాయడం నాకు అలవాటు అని ఎలా చెప్పను? ఏడుపొచ్చింది. ఆమె నా ఏడుపు చూస్తూ నిలబడలేదు. చీర మార్చుకుని, సంచీలో ఐడీ కార్డు, ఓటరు కార్డు వేసుకుని, చెప్పులేసుకుంది.

"నడువ్. ఇంక ఒక దినమున్నది" అంది.

ఆటోలో బషీర్‌బాగ్ పోయాం. రిటర్నింగ్ అధికారి ఆఫీసులో లెక్కింపు హడావుడి, వరండా నిండా పోలీసులు, బారికేడ్లు. మమ్మల్ని లోపలికి పంపడానికే గంటన్నర పట్టింది. చివరికి ఒక సహాయ అధికారి మా మాట విన్నాడు. వయసులో చిన్నవాడే, రెండు రాత్రులు నిద్ర లేనట్టున్నాడు. నేను రాసుకొచ్చిన ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"మేడం, ఇది తీసుకుంటే మీ మీద చర్య తప్పదు. ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నా" అన్నాను. తప్పలేదు కూడా. మెమో వచ్చింది, విచారణ జరిగింది, ఇంక్రిమెంట్లు ఆగాయి. సీనియర్ అసిస్టెంట్‌ను ఊరవతల బడికి బదిలీ చేశారు. మిగతా పదహారూ నా ఎదుట పెట్టినవి కావని అదే ఉత్తరంలో రాశాను. వాటినేం చేశారో నాకెవరూ చెప్పలేదు. ఆ ఎనిమిది మంది మాత్రం చాలాకాలం నాతో మాట్లాడలేదు.

క్రాఫ్టు టీచరు ముందుకు జరిగింది. "సార్, నాకింకో కాగితం ఇస్తరా? ఇక్కడనే ఏసి మీ చేతికే ఇస్త."

"ఇవ్వలేమమ్మా. మీ పేరు మీద ఇచ్చింది తిరిగి వచ్చేసింది."

"నేనియ్యలే గద."

"రికార్డు ప్రకారం వచ్చింది."

"పోనీ అది ఇప్పి చూడుండ్రి. నేను ఏస్తననుకున్నోళ్ళకే పడి ఉంటె అట్లనే ఉండనియ్యుండ్రి."

"విప్పకూడదమ్మా. ఎవరికి పడిందో మీకూ చెప్పకూడదు, మేమూ చూడకూడదు."

"మల్ల ఏం జేస్తరు?"

"ఆ సంతకం నాది కాదు అని మీరు రాసిస్తే, రేపు పొద్దున మేడం ఉత్తరం, మీ కాగితం లెక్కింపు బల్ల మీద పెడతాం. డిక్లరేషన్ చెల్లదని మీ రెండు కవర్లూ పక్కన పడేస్తారు. రాయకపోతే లెక్కలోకి పోతాయి. మీ ఇష్టం."

"లెక్కలకు పోతె, నా పేరు మీద ఓటు పడ్డట్టేనా?"

"రికార్డులో పడ్డట్టే."

ఆమె కుర్చీలో కూర్చుంది. ఆఫీసుకు వచ్చినప్పటి నుంచి కూర్చోవడం అదే మొదలు. బయట మైకులో ఎవరి పేరో పిలుస్తున్నారు. రాయవద్దు అక్కా, ఉండనీ, పడనీ అని నోటి దాకా వచ్చింది నాకు. ఆ మాట నా కోసమో ఆమె కోసమో నాకే తెలియక ఊరుకున్నాను. అధికారి గడియారం చూసుకున్నాడు. ఆమె తన వేళ్ళ వంక చూసుకుంది.

"ముప్పై ఏండ్ల సంది అడుగుతున్న. నా ఓటు ఏం చేయాలె అని ఇన్నాళ్ళకు నన్ను అడిగిండ్రు" అంది. "కొట్టేయుండ్రి సార్. రాసిస్త."

తెల్లకాగితం ఇచ్చాడు. నాలుగు వాక్యాలు రాసింది, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా. అధికారి చదివి తల ఊపాడు. "ఇక సంతకం పెట్టండమ్మా. మేడం గెజిటెడే కదా, కింద అటెస్ట్ చేస్తారు" అని కాగితాన్ని మా ఇద్దరి మధ్యకు జరిపాడు. నేను చేతి సంచీలోంచి పెన్ను తీశాను.

ఆమె కాగితం మీద అరచెయ్యి పెట్టింది.

"ఆమెతోని వద్దు సార్. ఇంకెవరన్న ఉంటె పిలువుండ్రి."

అధికారి నా వైపు చూశాడు. నేను లేచి పక్కకు జరిగాను. పక్క గదిలోంచి ఒకాయనను పిలిచారు. ఆయన ఆమెను ఎన్నడూ చూసి ఎరగడు. ఐడీ కార్డు అడిగి తీసుకున్నాడు. ఫోటో చూశాడు, ఆమె మొహం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. "ఆఁ, ఇప్పుడు పెట్టండమ్మా" అన్నాడు. ఆమె పెట్టింది. చివరి అక్షరం దాకా చూసి, అప్పుడు ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.